కొండకు రోజులు ఇవ్వండి

మెదక్ జిల్లా పాపన్నపేట సముద్రమట్టానికి దాదాపు 450 మీటర్ల ఎత్తున ఉంటుంది. తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తని చెప్పే డోలి గుట్ట 965 మీటర్లు. ఆంధ్రప్రదేశ్ మన్యంలోని జిందగడ శిఖరం దాదాపు 1,690 మీటర్లు. ఇక టాంజానియాలో కిలిమంజారో ఎక్కేవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టి నడక మొదలుపెట్టే మచామే గేటు 1,800 మీటర్ల దగ్గర ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండ కొసన నిలబడ్డా ఆ గేటు ఇంకా పైనే ఉంటుంది. అక్కడి నుంచి 5,895 మీటర్ల ఉహురు శిఖరానికి ఇంకో నాలుగు కిలోమీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆఫ్రికాలో దాన్ని మించిన ఎత్తు లేదు.

ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. మెదక్ జిల్లాలోని ఒక మండలం నుంచి అక్కడికి వెళ్లి రావడం సాధ్యమే. తెలుగువాళ్లకు ఆ కొండ కొత్త కూడా కాదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006 మార్చి 15న కిలిమంజారో ఎక్కారు. ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో పూర్తి చేసిన ఆయన యాత్రలో అది మూడో శిఖరం. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్నారు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కారు, 2016లో కిలిమంజారో ఎక్కారు. ఆ తర్వాత తండాల నుంచి, గూడేల నుంచి, గురుకులాల నుంచి ఎందరో పిల్లలు జాతీయ జెండా పట్టుకుని ఆ శిఖరం మీద నిలబడ్డ ఫొటోలు మన పత్రికల జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం.

ఆ ఫొటోలో కనిపించనిది ఒకటి ఉంది. పూర్ణ ముందు భువనగిరి గుట్ట బండల మీద ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ఇదంతా నెలల మీద జరిగిన పని. కిలిమంజారో మామూలు దారుల్లో తాళ్లు కట్టుకుని మంచుగోడలు ఎక్కే అవసరం లేదు. అది నడిచి ఎక్కే కొండ. అయినా ఏటా ఎంతోమంది శిఖరం చేరకుండానే దిగి వస్తారు. వాళ్లలో బలహీనులకన్నా తొందరపడ్డవాళ్లే ఎక్కువని నా నమ్మకం. పెద్ద కోరికకు ధైర్యం కావాలి, డబ్బు కావాలి అని చెప్పే పుస్తకాలు చాలా వచ్చాయి. ఈ కోరికకు వాటికన్నా ముందు రోజులు కావాలి. టీకాకు, కాళ్లకు, కొండ మీద ఊపిరికి విడివిడిగా రోజులు కేటాయించాలి. ఈ అధ్యాయం అంతా ఆ రోజుల లెక్కే.

ఊళ్లో ఉండగానే

మన వైపు పాస్‌పోర్టు అంటే దుబాయ్, మస్కట్, దోహా. చాలా ఇళ్లల్లో పెట్టె అడుగున అది ఇప్పటికే ఉంటుంది. తీసి చూడండి. టాంజానియాలో దిగే నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, ఖాళీ పేజీలు ఉండాలి. ఇంకో సంగతి: గల్ఫ్‌కు తీసిన పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఉంటారు. విమానం టికెట్, వీసా దరఖాస్తు, టీకా కార్డు, మూడింటి మీదా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. పేరు సరిచేయించుకోవాలంటే దానికీ వారాలు పడతాయి కనుక ఈ పని అన్నిటికన్నా ముందు.

వీసా కష్టమైనది కాదు. భారతీయులకు టాంజానియా సాధారణ పర్యాటక వీసా 50 డాలర్లు. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, 90 రోజుల దాకా ఉండవచ్చు. ప్రభుత్వ సైట్ లాగే కనిపించి రెట్టింపు వసూలు చేసే దళారీ సైట్లు ఉన్నాయి. చిరునామా చివర 'డాట్ జీఓ డాట్ టీజెడ్' అని ఉంటేనే అది అక్కడి ప్రభుత్వానిది. ప్రయాణానికి నెల ముందు దరఖాస్తు పెడితే నిశ్చింత.

ఎక్కువమంది పొరపడేది ఎల్లో ఫీవర్ టీకా దగ్గర. భారత్ నుంచి నేరుగా వచ్చేవారిని టాంజానియా ఈ సర్టిఫికెట్ అడగదు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వచ్చేవారిని, ఆ దేశాల విమానాశ్రయాల్లో 12 గంటలకు మించి ఆగినవారిని అడుగుతుంది. హైదరాబాద్ నుంచి కిలిమంజారో విమానాశ్రయానికి వెళ్లే దారులు ఎక్కువగా అడిస్ అబాబా, నైరోబీ, దోహా మీదుగా ఉంటాయి. ఇథియోపియా, కెన్యా రెండూ ఆ జాబితాలో ఉన్న దేశాలే. ఒక విమానం తప్పిపోయి పగలంతా అక్కడే ఆగాల్సి వస్తే లెక్క మారిపోతుంది. తిరుగు ప్రయాణంలో మన దేశం ఇంకా కఠినం. ఆ దేశాల మీదుగా వచ్చినవారి దగ్గర కార్డు లేకపోతే మన విమానాశ్రయ ఆరోగ్య అధికారులు ఆరు రోజుల దాకా విడిగా ఉంచగలరు. కాబట్టి ఏ దారిలో వెళ్లినా టీకా వేయించుకుని వెళ్లమనే నా సలహా.

ఈ టీకా మెదక్‌లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో అడిగితే దొరికేది కాదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేసి, ముద్ర వేసిన పసుపు రంగు కార్డు ఇస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. ఏ రోజుల్లో వేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి. వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితమంతా చెల్లుతుంది. గర్భిణులు, గుడ్డు పడనివారు, అరవై దాటినవారు డాక్టరును అడగకుండా ఈ టీకా జోలికి వెళ్లకూడదు.

అదే ప్రయాణంలో మంచి ఫిజీషియన్‌ను కలవండి. బీపీ, షుగర్, గుండె, ఉబ్బసం ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. కొండ కింద మోషి, అరూషా పట్టణాల్లో మలేరియా ఉంది కనుక దానికి ముందు జాగ్రత్త మాత్రలు అవసరమా అని అడగండి. ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. గోండు, కోయ వంటి ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తలోపం ఉంటుంది. చాలామందికి తమ రక్తంలో అది ఉన్నట్టే తెలియదు, ఊళ్లో ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాదు. ఆక్సిజన్ తగ్గిన ఎత్తులో అదే ప్రమాదంగా మారవచ్చు. గురుకులాల నుంచి పిల్లలను పంపే ఉపాధ్యాయులు ఈ రక్తపరీక్ష చేయించకుండా ఎవరినీ పంపకూడదు.

కాళ్లకు మూడు నెలలు

పాపన్నపేటలో ఉండి కొండకు సిద్ధం కావడం ఎలా? ఎత్తుకు ఇక్కడ అలవాటు పడలేం. కాళ్లను మాత్రం ఇక్కడే గట్టిపరచుకోవచ్చు. మంజీర ఒడ్డున నడకతో మొదలుపెట్టండి. ఊరి నుంచి ఏడుపాయల వనదుర్గా భవాని గుడి దాకా, అక్కడి నుంచి ఘనపురం ఆనకట్ట దాకా నడిచే వీలుంది. శివరాత్రి జాతరకు పిల్లాజెల్లాతో కాలినడకన వచ్చే జనం ఉన్న ప్రాంతం మనది. నడక మన కాళ్లకు తెలియని విద్య కాదు. మొదటి నెల చదునైన దారిలో రోజూ గంట, గంటన్నర. రెండో నెల నుంచి మెదక్ ఖిల్లా. కోట మెట్లు ఎక్కడం దిగడం, మళ్లీ ఎక్కడం దిగడం. మూడో నెలలో వీపున సంచి వేసి, అందులో ఆరేడు కిలోల బరువు పెట్టి అదే పని.

దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. శిఖరం చేరిన రోజునే రెండు వేల మీటర్లకు మించి కిందికి దిగాల్సి ఉంటుంది. అప్పటికే రాత్రంతా నడిచి ఉంటారు. ఊపిరి సలపక కూలబడినవాళ్లు దిగేకొద్దీ తేరుకుంటారు. మోకాళ్లు పట్టేసినవాళ్లకు మాత్రం ప్రతి అడుగూ నరకమే. బూట్లు ఈ మూడు నెలలూ తొడిగి తొడిగి పాదానికి అలవాటు చేయాలి. కొత్త బూట్లతో కొండ ఎక్కినవాళ్లు రెండో రోజుకే బొబ్బలతో కూర్చుంటారు. విమానంలో కూడా వాటిని కాళ్లకే వేసుకుని వెళ్లండి. సామాను రావడం ఆలస్యమైనా మిగతావన్నీ అద్దెకు దొరుకుతాయి, మీ పాదానికి అమరిన బూట్లు దొరకవు.

వీలుంటే అంతకుముందు ఏడాది హిమాలయాల్లో ఒక చిన్న ట్రెక్ చేయండి. ఉత్తరాఖండ్‌లో 3,800 మీటర్ల కేదార్‌కంఠ లాంటిది. మీ ఒళ్లు ఎత్తును ఎలా తీసుకుంటుందో, గుడారంలో చలికి నిద్ర పడుతుందో లేదో అక్కడ కొంత తెలుస్తుంది. ఆ ఖర్చు వృథా పోదు.

కొండ మీద రాత్రులు

ఇక అసలు విషయం. శిఖరం దగ్గర గాలిలో ఆక్సిజన్ శాతం ఇక్కడున్నంతే ఉంటుంది, గాలి ఒత్తిడే తగ్గిపోతుంది. ఒక్కో ఊపిరికి మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఒళ్లు దీనికి సర్దుకోగలదు. ఊపిరి వేగం పెంచుకుంటుంది, మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని సరిచేస్తాయి, రక్తం మెల్లగా మారుతుంది. ఈ పనులన్నిటికీ రోజులు పడతాయి. వ్యాయామంతో వాటిని తొందరపెట్టలేం. నిండా ఇరవై రెండేళ్ల కబడ్డీ ఆటగాడు మూడో రోజు తలపట్టుకుని కూర్చుంటే, యాభై దాటిన టీచరమ్మ నిదానంగా అతన్ని దాటిపోవచ్చు.

ఎత్తైన ప్రదేశాల వైద్య నిపుణులు చెప్పే నియమం ఇది: 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న ఎత్తుకూ మరుసటి రాత్రి పడుకునే ఎత్తుకూ తేడా 500 మీటర్లు మించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రాత్రి అదే ఎత్తులో ఆగాలి. పగలు ఎంత ఎక్కినా పరవాలేదు, రాత్రి పడక ఎక్కడ అన్నదే ముఖ్యం.

ఈ నియమంతో అక్కడి దారులను చూద్దాం. మరంగు దారిలో చెక్క గుడిసెలు ఉంటాయి, అందువల్ల చాలామంది సులువని అనుకుంటారు. మందారా గుడిసెలు 2,720 మీటర్ల దగ్గర, హొరోంబో 3,720 దగ్గర, కిబో 4,720 దగ్గర. ఐదు రోజుల ప్యాకేజీ అంటే రాత్రికి వెయ్యి మీటర్ల చొప్పున ఎగబాకడం. మూడో రాత్రి కునుకు తీసీ తీయకముందే, అర్ధరాత్రి లేచి శిఖరానికి బయలుదేరాలి. నియమానికి రెట్టింపు వేగం అది. హొరోంబోలో ఒక రాత్రి అదనంగా ఆగితే ఆరు రోజులవుతుంది, కొంత నయం. ఐదు రోజుల మరంగు ప్యాకేజీని ఎవరు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఎనిమిది రోజుల లెమోషో దారి చూడండి. రాత్రి పడకలు సుమారుగా 2,700, 3,500, 3,850, 3,950, 4,000, 4,650 మీటర్ల దగ్గర పడతాయి. మధ్యలో మూడు రాత్రులు నాలుగు వేల మీటర్ల చుట్టుపక్కలే. నాలుగో రోజు మధ్యాహ్నం లావా టవర్ అనే 4,600 మీటర్ల చోటు దాకా ఎక్కించి, రాత్రికి బర్రాంకో లోయలోకి దింపుతారు. పైకెక్కిన ఒళ్లు సర్దుకోవడం మొదలుపెడుతుంది, కిందికి దిగి హాయిగా పడుకుంటుంది. ఏడు రోజుల మచామే దారి కూడా దీన్నే అనుసరిస్తుంది. తెలుగు ప్రాంతం లాంటి చదునైన నేల నుంచి వెళ్లేవాళ్లకు ఏడు రోజులు కనీసం, ఎనిమిదైతే మంచిది.

గైడ్లు పొద్దస్తమానం "పోలె పోలె" అంటుంటారు, మెల్లగా మెల్లగా అని. మన పిల్లలకు అది విసుగనిపిస్తుంది, ముందుకు ఉరుకుతారు. ఉరకవద్దు. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మీ వేగం. రోజుకు మూడు, నాలుగు లీటర్ల నీళ్లు తాగండి. ఆకలి చచ్చిపోతుంది, అయినా తినాలి. అక్కడివాళ్లు మొక్కజొన్న పిండితో వండే ఉగాలి అచ్చం మన మక్క గట్క లాంటిదే, కాస్త గట్టిగా ఉంటుంది. బీన్స్ కూర, చపాతీ, అన్నం కూడా దొరుకుతాయి కాబట్టి శాకాహారులకు ఇబ్బంది లేదు. ఇంటి నుంచి కారప్పొడి, పల్లీ పట్టీలు, సకినాలు కొన్ని పట్టుకెళ్లండి. నోరు చేదుగా ఉన్న నాలుగో రోజున అవే ఆదుకుంటాయి.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి కొంత ఉంటాయి. అవి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లి పడుకోకూడదు. కూర్చున్నా ఆయాసం ఆగకపోవడం, తడి దగ్గు, తూలుతూ నడవడం, మాట తడబడటం వేరే సంగతి. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్న గుర్తులవి. తెల్లవారేదాకా ఆగకుండా ఆ క్షణమే దిగాలి. దిగడాన్ని మించిన మందు లేదు. డయామాక్స్ అనే అసిటజోలమైడ్ మాత్రలు ఒళ్లు సర్దుకోవడానికి సాయపడతాయి. డాక్టరు రాస్తేనే వాడాలి. సల్ఫా మందులు పడనివారికి ప్రమాదం కావచ్చు. వేళ్లలో తిమ్మిరి, మూత్రం ఎక్కువగా రావడం దాని మామూలు లక్షణాలు, కనుక ముందే ఇంట్లో రెండు రోజులు వేసుకుని చూడండి. మద్యం, నిద్రమాత్రలు కొండ మీద అసలే వద్దు.

లెక్క

డబ్బు సంగతి విప్పి చెప్పుకుందాం. కిలిమంజారో నేషనల్ పార్కు విదేశీయుల దగ్గర రోజుకు 70 డాలర్లు, గుడారం వేసిన రాత్రికి 50 డాలర్లు, రక్షణ రుసుము 20 డాలర్లు, ఆ పైన 18 శాతం పన్ను తీసుకుంటుందనేది కొన్నేళ్లుగా నడుస్తున్న లెక్క. బయలుదేరే ముందు తాజా రేట్లు చూసుకోండి. ఏడు రోజులు, ఆరు రాత్రులకు ఇది 810 డాలర్లు, పన్నుతో దాదాపు 956. డాలరు 85 రూపాయలనుకున్నా 81 వేలు పార్కుకే పోతాయి. గైడ్లు, వంటవాడు, మోతగాళ్లు, తిండి, గుడారాలు, బండి అన్నీ దాని మీద. అలాంటప్పుడు వెయ్యి డాలర్లకే ఏడు రోజులు ఎక్కిస్తామని చెప్పేవాడు మిగిలిన 44 డాలర్లతో అందరికీ కూలి ఎలా ఇస్తాడు? ఇవ్వడు. మోతగాళ్ల కడుపు కొడతాడు, లేకపోతే మీ రోజులు కోసేస్తాడు.

మోతగాళ్లలో చాలామంది ఆ కొండ వాలుల్లో అరటి, కాఫీ పండించే చగ్గా రైతుబిడ్డలు. పొలం గిట్టని రోజుల్లో బరువు మోయడానికి వస్తారు. ఒక్కొక్కరు మోసే బరువు 20 కిలోలు మించకూడదని నియమం. మోషిలో 'కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్' అనే సంస్థ ఉంది. మోతగాళ్లకు సరైన కూలి, మూడు పూటలా తిండి, పడుకోవడానికి చోటు ఇచ్చే కంపెనీల జాబితా వాళ్ల దగ్గర ఉంటుంది. ముందు ఆ జాబితా చూసి, తర్వాత ధర అడగండి. కంపెనీకి టాలా అనే పర్యాటక లైసెన్స్ ఉందో లేదో కూడా అడగండి. కూలి పని చేసి ఇల్లు నడిపిన తల్లిదండ్రుల బిడ్డలం మనం. ఇంకొకరి కూలి ఎగ్గొట్టిన ప్యాకేజీతో శిఖరం మీద జెండా ఎగరేయకూడదు. చివరి రోజు ఇచ్చే టిప్పులు అక్కడ ఆనవాయితీ, అవీ ముందే లెక్కలో వేసుకోవాలి.

విమానం, బీమా, టిప్పులతో కలిపి మూడు నుంచి మూడున్నర లక్షలు దగ్గర పెట్టుకోవాలి. మన ఊళ్లో అది చిన్న మొత్తం కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కొండ ఎక్కవద్దు. రెండేళ్ల చిట్టీ వేయండి, ఈలోగా కాళ్లూ కాగితాలూ సిద్ధమవుతాయి. బీమా తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్‌కు, హెలికాప్టర్‌లో దింపడానికి వర్తిస్తుందని కాగితం మీద చదివి తీసుకోండి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావరకు ఇవి ఉండవు.

చందా ఇచ్చినవాళ్లకు ముందే చెప్పండి

మన దగ్గర చాలామంది పిల్లలు దాతల సాయంతో వెళ్తారు. ఊరు, సర్పంచ్, యువజన సంఘం, ఎమ్మెల్యే అందరూ తలో చేయి వేస్తారు. మంచిదే. కానీ ఆ డబ్బు వెంట ఒక బరువు కూడా వస్తుంది. "అన్నా, సగంల నుంచి దిగొస్తే ఊళ్లె మొఖమెట్ల చూపెట్టాలె?" అని అడిగే తమ్ముళ్లు ఉన్నారు. కొండ మీద ప్రాణం మీదికి తెచ్చేది ఈ ప్రశ్నే. వాంతులు దాచుకుని, తలనొప్పి లేదని గైడుకు అబద్ధం చెప్పి ముందుకు పోతారు.

దీనికి మందు కొండ మీద దొరకదు, ఊళ్లోనే చేసుకోవాలి. చందా తీసుకునే రోజునే నలుగురి ముందు చెప్పండి: "నేను ఆరోగ్యంగా తిరిగి వస్తా. శిఖరం దాకా పోగలిగితే పోతా. గైడు దిగమంటే దిగుతా." ఈ మాటకు ఒప్పుకోని దాత డబ్బు తీసుకోకండి. తల్లిదండ్రులకు కూడా ఇదే మాట చెప్పండి, వాళ్లకు నిద్ర పడుతుంది. మస్తాన్‌బాబు అంతటి అనుభవం ఉన్న మనిషిని 2015లో ఆండీస్ పర్వతాలు తీసుకున్నాయి. తెలుగు నేల అలాంటి బిడ్డను మళ్లీ పోగొట్టుకోకూడదు.

రికార్డులు, సర్టిఫికెట్లు ఇస్తామని డబ్బు అడిగే సంస్థల గురించి ఒక్క మాట చాలు. శిఖరం చేరినవారికి పార్కు వాళ్లే ధ్రువపత్రం ఇస్తారు, అది సరిపోతుంది.

ఎప్పుడు, ఏం పట్టుకుని

వాన తక్కువ ఉండే కాలాలు రెండు: జనవరి నుంచి మార్చి మొదటి సగం దాకా ఒకటి, జూన్ చివర నుంచి అక్టోబర్ దాకా ఇంకొకటి. మార్చి చివర నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్‌లో చిన్న వానలు. మన పిల్లలకు ఎండాకాలం సెలవులు సరిగ్గా అక్కడి పెద్ద వానల్లో పడతాయి, అప్పుడు వెళ్లవద్దు. సంక్రాంతి దాటాక గానీ దసరా సెలవుల్లో గానీ పెట్టుకోండి. వీలైతే పున్నమికి దగ్గరగా ఉండే రోజులు చూడండి. శిఖరానికి నడిచేది అర్ధరాత్రి కనుక వెన్నెల బాగా సాయం.

కింద ఎండ, మధ్యలో వాన, పైన సున్నాకు పది పదిహేను డిగ్రీల కిందికి పోయే చలి. అందుకని ఒక్క మందపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకునే బట్టలు మేలు. నూలు బనియన్లు చెమటకు తడిసి ఆరవు, చలిలో అవే శత్రువులు. స్లీపింగ్ బ్యాగు, బరువైన జాకెట్, చేతికర్రలు మోషిలో అద్దెకు దొరుకుతాయి. తలకు కట్టుకునే లైటు, చేతి తొడుగులు, మేజోళ్లు, మంచి చల్లద్దాలు ఇక్కడి నుంచే. ఊరగాయలూ బట్టలూ ప్లాస్టిక్ కవర్లలో చుట్టడం మన అలవాటు. టాంజానియా 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించింది, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. గుడ్డ సంచులు, స్టీలు డబ్బాలు వాడండి. డాలర్ నోట్లు కొత్తవి, మడతలు లేనివి తీసుకెళ్లాలి. పాతవి, చిరిగినవి అక్కడ చెల్లవు. ప్లగ్గుకు మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల అడాప్టర్ కావాలి.

అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. దానికి తోడు స్వాహిలీలో పగటి లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. ఒకటో గంటకు బస్సు అంటే మన ఏడు గంటలు కావచ్చు. ఏ సమయం చెప్పినా, ఏ లెక్కలో చెబుతున్నారో మళ్లీ అడగండి. దిగిన రోజే కొండ ఎక్కకుండా మోషిలో కనీసం ఒక పగలు, రెండు రాత్రులు ఆగండి. ప్రయాణ బడలిక తీరుతుంది, రాని సామాను వస్తుంది, ఆకాశం తేటగా ఉంటే కొండ కూడా కనిపిస్తుంది.

వచ్చే జనవరిలో వెళ్లాలనుకుంటే దసరాకల్లా నడక మొదలుపెట్టండి, దీపావళికి టీకా వేయించుకోండి, డిసెంబర్ మొదట్లో వీసా పెట్టండి. కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ధర తర్వాత అడగవచ్చు. కొండ మీద ఎన్ని రాత్రులు, ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకోబెడతారు అన్నది ముందు అడిగి కాగితం మీద రాయించుకోండి.